బస్సు వెనకాల ఆగమ్మ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంటి గడప దాటి పెద్దగా బయటికి రాలేదు. బళ్ల తనిఖీ కేంద్రానికి వచ్చే డ్రైవర్లంతా ఆమెను ఆగమ్మ అనేవాళ్లు. ఎవరో ఒక లారీ డ్రైవర్ ఒళ్లు మండి, "ఏ బండి చూసినా ఆగు ఆగు అంటుంది, ఈవిడ ఆగమ్మ" అన్నాడట. గేటు దగ్గర టీ బడ్డీలో పుట్టిన ఆ మాట నోళ్లు మారి మారి చివరికి ఆమె చెవిన పడింది. కోపం రాకపోగా నవ్వొచ్చింది. "నయం, సాగమ్మ అనలేదు" అంది పక్క టేబుల్ ఆయనతో.

ఆ ఉద్యోగం పేరు కాగితం మీద ఇంత పొడుగున ఉంటుంది. జనం మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని తేల్చేస్తారు. పెద్ద రేకుల షెడ్డు, కింద దిగి చూడటానికి సిమెంటు గొయ్యి, గోడల నిండా నూనె మరకలు, ఎప్పుడూ ఏదో ఒక ఇంజన్ గుర్రుమంటున్న చప్పుడు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లినా మధ్యాహ్నానికి మోచేతుల దగ్గర నల్లబడేది. బండి వెనక నిలబడి చెయ్యెత్తి "తొక్కు" అని కేకేసేది. డ్రైవర్ బ్రేకు తొక్కాలి. "వదులు." "మళ్లీ తొక్కు." మిగతావాళ్లు ఒకసారి వెలిగితే చాలని చేతులు దులుపుకునేవాళ్లు. ఆమె అలా వదిలేది కాదు. తొక్కగానే వెలగాలి, తొక్కినంతసేపూ మిణుకుమనకుండా వెలగాలి, ఎరుపు ఎరుపులా ఉండాలి, పట్టపగలు ఎండలో కూడా వెనకవాడికి తెలిసిపోవాలి. నిబంధన అంతే, అందులో ఆమె సొంతంగా కలిపిందేమీ లేదు. ముచ్చటపడి మిలమిలలాడే ఎర్ర లైట్లు బిగించుకుని వచ్చిన కుర్రకారుకి, "ఇదేమన్నా సర్కస్ డేరానా నాయనా, పీకేసి రండి" అని చెప్పి పంపేసేది.

డిప్లొమా అయ్యాక ఒక గ్యారేజీలో చేరినప్పుడు మేస్త్రీ ఆమెను వైరింగు పనిలో పెట్టాడు. కారణం తెలివితేటలు కాదు. "నీ చెయ్యి సన్నగా ఉంది, డాష్‌బోర్డు కిందికి దూరుతుంది" అన్నాడు. అలా దూరి దూరి తీగల మీద ఇష్టం పెంచుకుంది. తర్వాత పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చింది.

పెళ్లి కూడా ఆ షెడ్డులోనే కుదిరిందని చెప్పుకోవచ్చు. ఒక కంపెనీ బస్సు నడిపే డ్రైవర్ తనిఖీకి వచ్చాడు. వెనక అద్దం పగిలిందని తిప్పి పంపింది. మళ్లీ వస్తే హారన్ మూగబోయిందని తిప్పి పంపింది. ఇంకోసారి వచ్చినప్పుడు బస్సు పాసైంది, మనిషి కూడా పాసయ్యాడు. అతను ఆ సంగతి ఇంట్లో చెబితే వాళ్లమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నీ బస్సునే కదలనివ్వని పిల్ల, రేపు నిన్ను కదలనిస్తుందట్రా?" అని అడిగింది. అయినా పెళ్లికి అడ్డు చెప్పలేదు. కోడలు కాపురానికి వచ్చాక మాత్రం సందు దొరికినప్పుడల్లా ఒక చురక వేసేది. "బల్బు వెలిగిందో లేదో చూడ్డానికి అంత చదువెందుకే?" అనేది. కోడలు నవ్వి ఊరుకునేది. అత్తగారి నోటికి గానీ మనసుకి పదును లేదని అప్పటికే తెలుసు.

మొగుడూ పెళ్లాల మధ్య గొడవంటూ వస్తే అది హజార్డ్ లైట్ల దగ్గరే వచ్చేది. ఒక్క మీట నొక్కితే నాలుగు మూలలా ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకునే లైట్లు అవి. బండి దారిలో చెడి ఆగిపోతే, ఆపకూడని చోట ఆపాల్సివస్తే వేసుకోవడానికి పెట్టినవి. అతను ఘాట్ రోడ్డు మీద మంచు కమ్మగానే అవి వేసుకుని నడిపేవాడు. తోటి డ్రైవర్లంతా అంతే.

"నాలుగూ వేసుకుంటే దూరం నుంచి కనిపిస్తాం కదా" అనేవాడు అన్నం కలుపుకుంటూ.

"కనిపిస్తారు. ఆగిపోయినట్టు కనిపిస్తారు. వెనకవాడు కంగారుపడి బ్రేకేస్తాడు, తీరా చూస్తే మీరు పోతూనే ఉంటారు. అలా కాసేపయ్యాక మీ లైట్లని వాడు లెక్కచెయ్యడు. మరి నిజంగా ఆగినప్పుడు ఏం వేసి చూపిస్తారు?"

"బ్రేక్ లైట్లు లేవూ?"

"మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ ఎలా వేస్తారు? అన్నీ కొట్టుకుంటుంటే ఎటు తిరుగుతున్నారో ఎవడికి తెలుస్తుంది?"

"ఇంట్లో కూడా షెడ్డేనా తల్లీ!" అని చేతులు జోడించేవాడు. అక్కడితో ఆ మాట అయిపోయేది.

ఒక వర్షాకాలం, అతను నడిపే బస్సు తనిఖీకి వచ్చింది. ఆ రోజు అతనికి సెలవు. డిపో ఫోర్‌మన్ తోలుకొచ్చాడు. "తొక్కు" అంటే లైట్లు చక్కగా వెలిగాయి. "వదులు. తొక్కు." వెలిగాయి. ఇంకా తొక్కిస్తూ పోతే ఒకసారి వెలగలేదు. మళ్లీ వెలిగాయి, మళ్లీ లేదు. ఆమె డ్రైవర్ సీటు కిందికి దూరి చూసింది. పెడల్ దగ్గర, కాలు పడగానే లైట్లకి కరెంటు పంపించే చిన్న స్విచ్ ఉంటుంది. దాని లోపల పట్టు పోయింది.

"కొత్త స్విచ్ వేసి తీసుకురండి. అప్పటిదాకా ఈ బస్సు రోడ్డెక్కకూడదు" అంది.

"సొంత మొగుడి బస్సు మేడమ్" అన్నాడు ఫోర్‌మన్ ఇకిలిస్తూ.

"అందుకని రెండుసార్లు చూస్తున్నా."

అతను నవ్వు ఆపి బస్సు తీసుకుని వెళ్లిపోయాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి భర్తకి చెప్పింది. "అలాగా, మార్పిస్తాడులే" అన్నాడు. అతను ఆ వారమంతా వేరే బస్సు ఎక్కాడు. ఈ బస్సు మళ్లీ తనిఖీకి రాలేదు. వర్క్‌షాపులో ఉందనుకుంది.

తర్వాత వారంలో అత్తగారిని కంటి డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, దానికింకా పట్టీ ఉంది. పెద్దాసుపత్రి కొండకి అవతల, కింద పట్నంలో ఉంది. కోడలు సెలవు పెట్టి కారు తీసింది. కొండ మీదికి ఎక్కేటప్పుడు సన్నగా తుంపర పడింది. పైకి చేరేసరికి మంచు దిగింది. పైన ఖాళీ స్థలంలో ఒక పెద్ద పాల ట్యాంకర్ ఆగి ఉంది. డ్రైవర్ కిందికి దిగి టైర్లు తడిమి చూసుకుంటున్నాడు. దాన్ని దాటుకుని వీళ్లు దిగుడు మొదలుపెట్టారు.

"వాడెందుకు ఆగాడే?" అంది అత్తగారు.

"బ్రేకులు చల్లారడానికి అత్తయ్యా. బుద్ధిమంతుడు."

రోడ్డుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క మోకాలెత్తు రాతిగోడ, దాని కింద లోయ. మంచు కారు ముందు తెల్లటి గుడ్డ కట్టినట్టుంది. రెండు మలుపులు దిగారో లేదో, ఎదురుగా మంచులో పసుపు వెలుగులు టపటపా కొట్టుకున్నాయి. ఏదో బండి ఆగిపోయి ఉంది! ఆమె బ్రేకు మీద కాలు వేసింది. కారు ముక్కు కిందికి వంగి ఆగింది. అత్తగారి కళ్లజోడు జారి ఒళ్లో పడింది.

"ఏమైందే!"

ఏమీ కాలేదు. ఆ పసుపు వెలుగులు ముందుకి పోతూనే ఉన్నాయి. ఆగి ఉన్నదనుకున్నది నడుస్తోంది. దగ్గరికి పోనిచ్చి చూస్తే, బస్సు. నంబరు చదివింది. షెడ్డులో తను ఆపిన బస్సే అది.

"అత్తయ్యా, అది మీ అబ్బాయి రూటు బస్సు. ఇవాళ డ్యూటీ ఆయనదే."

"మరి హారన్ కొట్టు, పలకరిద్దాం."

బస్సు మలుపు దగ్గర నెమ్మదించింది. ఇంజన్ మోత మారింది, గేరు దిగింది, వెనక భాగం పెద్దదవుతూ మీదికొస్తోంది. ఎర్ర వెలుగు లేదు. రెండు మూలలా పసుపు లైట్లు మాత్రం అదే తాళం వేస్తున్నాయి. ఆమె సమయానికి బ్రేకు తొక్కింది కాబట్టి సరిపోయింది. తర్వాతి మలుపు దగ్గర కావాలని కళ్లు విప్పార్చి చూసింది. బస్సు మళ్లీ నెమ్మదించింది. మళ్లీ ఎరుపు లేదు.

"బ్రేక్ లైట్లు వెలగట్లేదు" అంది.

"వాడికి ఫోన్ చెయ్యి మరి."

"మీరు చెయ్యండి. ఎత్తరు, కానీ చెయ్యండి." బండి నడిపేటప్పుడు అతను ఫోన్ ముట్టుకోడు. ఆ అలవాటు చేసింది తనే. అత్తగారు ఒంటి కంటితో నంబరు వెతికి, చెవి దగ్గర పెట్టుకుని, "మోగుతోంది... మోగుతోంది... వీడి మొహం మండ, ఎత్తడే!" అంటూనే ఉంది.

హారన్ కొట్టింది. లైట్లు ఎత్తి దించింది. మంచులో వెనక నుంచి హారన్ కొట్టే కారంటే ఏ డ్రైవరుకైనా దారి అడిగే తొందరపోతులాగే కనిపిస్తుంది. అతను పక్కకి జరిగి దారిచ్చాడు. కానీ దాటిపోవడానికి ఎదురుగా ఏమొస్తోందో కనిపిస్తేగా! బస్సును ఆపుకోవడానికి రోడ్డు పక్కన జాగా లేదు. ఆపినా ఆ మంచులో, ఆ ఇరుకులో, అదింకా ప్రమాదం.

అప్పుడామె హారన్ మానేసింది. కారును బస్సుకి కాస్త దూరంలో ఉంచి వెనకే నడిపింది. బస్సు నెమ్మదించబోయే ప్రతిసారీ ముందే బ్రేకు మీద కాలు ఆనించేది. తన లైట్లు వెలుగుతాయి. బస్సుకి లేని ఎరుపు తన కారుకి ఉంది. వెనక ఎవడొచ్చినా ముందు దాన్ని చూస్తాడు.

అయితే బస్సు ఎప్పుడు నెమ్మదిస్తుందో చెప్పేది ఏది? మొగుడి బండి తోలే పద్ధతి ఆమెకి కొట్టినపిండి. మలుపుకి ముందు గేరు దించుతాడు, ఇంజన్ ఒక్కసారి గొంతెత్తుతుంది, తర్వాతే బ్రేకు. కిటికీ అద్దం దించింది. వాన జల్లు లోపలికి కొట్టింది.

"తడిసిపోతున్నానే!" అంది అత్తగారు.

"బస్సు మోత వినాలి. మీరు వెనక అద్దంలోంచి చూస్తూ ఉండండి. ఏదైనా వెలుగు కనిపిస్తే చెప్పండి. ఆ ట్యాంకర్ ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది."

అత్తగారు సీటులో వెనక్కి తిరిగి, సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని, మంచి కన్ను పెద్దది చేసుకుని కూర్చుంది. అలా మలుపు తర్వాత మలుపు దిగారు. ఆమె మనసులో ఫోర్‌మన్‌ని తిట్టుకుంది, మొగుణ్ణి తిట్టుకుంది, బస్సు తిరిగి రాకపోయినా ఒక్క ఫోన్ చేసి కనుక్కోని తనను తాను తిట్టుకుంది.

కొండ సగం దిగాక, ఒక గుడ్డి మలుపు తిరగ్గానే, గేరు మోత లేకుండా, ఇంజన్ గొంతెత్తకుండా బస్సు నిలబడిపోయింది. ముందు కొండ మీంచి రాళ్లూ మట్టీ జారి రోడ్డుకి అడ్డంపడ్డాయని తర్వాత తెలిసింది. అప్పుడు ఆమెకి కనిపించింది ఒక్కటే. ఇంతసేపూ కొట్టుకున్న పసుపు లైట్లు ఇప్పుడూ అలాగే కొట్టుకుంటున్నాయి. నడిచినప్పుడు ఏ మాట చెప్పాయో ఆగినప్పుడూ అదే మాట. దూరం ఉంచుకుంది కాబట్టి కారు బస్సుకి తగలకుండా ఆగింది.

వెంటనే హజార్డ్ మీట నొక్కింది. "దిగండి అత్తయ్యా."

"ఈ వానలోనా?"

"దిగండి! కొండవైపు ఆ రాయి వెనకాల నిలబడండి. కారులో కూర్చోకండి. ఎంత తడిసినా సరే, కారులోకి మాత్రం రాకండి."

అత్తగారు సణుగుతూ దిగింది. ఆమె డిక్కీ తెరిచి, బండి ఆగిందని హెచ్చరించడానికి రోడ్డు మీద పెట్టే, వెలుగు పడితే మెరిసే ఎర్ర త్రికోణం తీసుకుని, వచ్చిన దారినే పైకి పరిగెత్తింది. మలుపుకి ఇవతల పెడితే లాభం లేదు. చూసేలోపే గుద్దేస్తారు. మలుపు దాటి, అవతల తిన్నని రోడ్డు మీద పెట్టాలి. చెప్పులు జారుతున్నాయని విప్పి పారేసింది. గులకరాళ్లు అరికాళ్లలో గుచ్చుకున్నాయి. మలుపు దాటింది. ఇంకొంచెం పైకి పోదామనుకుంటుండగా ఇంజన్ మోత వినిపించింది. పెద్ద మోత.

త్రికోణం కాళ్లు విప్పి రోడ్డు మీద నిలబెట్టి, కొండవారకి ఒరిగి రెండు చేతులూ ఊపుతూ అరిచింది. మంచులోంచి రెండు దీపాలు బయటికొచ్చాయి. ఆ వెలుగు పడి త్రికోణం భగ్గుమంది. ట్యాంకర్ గాలి బ్రేకులు బుస్సుమన్నాయి. తడి రోడ్డు మీద చక్రాలు పట్టుదొరక్క, అంత పెద్ద బండీ కీచుమంటూ త్రికోణాన్ని నుజ్జుచేసి ఆమె పక్కనుంచి జారిపోయింది. డ్రైవర్ మొహం మెరుపులా కనిపించి మాయమైంది. వెనక బ్రేక్ లైట్లు రెండూ ఎర్రగా, నిలకడగా వెలుగుతున్నాయి. ప్రాణం గొంతులో ఉన్న ఆ క్షణంలో కూడా ఆమె కన్ను అక్కడికే పోయింది.

ట్యాంకర్ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. తర్వాత ఒక చప్పుడు. రేకు నలిగిన చప్పుడు.

ఆమె పరిగెత్తింది. మలుపు తిరిగి చూస్తే ట్యాంకర్ ఆగి ఉంది. దాని ముందు తన కారు, వెనక సగం లోపలికి కూరుకుపోయి, ముందుకి నెట్టుకుపోయి ఉంది. కారుకీ బస్సుకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత సందుంది. బస్సుకి గీత కూడా పడలేదు.

కొండవైపు రాయి వెనకాల ఎవరూ లేరు.

"అత్తయ్యా!"

కారు దగ్గరికి వెళ్లింది. ముందు సీటులో అత్తగారి చేతిసంచి ఉంది. దానిమీద అద్దం పెంకులు. వెనక సీటు కనిపించడం లేదు, టాపు దాని మీదికి వంగిపోయింది. వాన పడుతోందని, మోకాళ్లు నొప్పులని, మళ్లీ ఎక్కి కూర్చుందా? ఒరిగి పడుకోవడానికి వెనక సీటులోకి వెళ్లిందా? ఆమె నలిగిన తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. కాలు ఆనించి లాగింది. ట్యాంకర్ డ్రైవర్ దిగి వచ్చి, "లోపల ఎవరున్నారమ్మా?" అన్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. తలుపు ఊడి వచ్చింది. లోపల నీళ్ల సీసా, గొడుగు. ఇంకేమీ లేవు.

"ఎవరి కోసమే ఆ కారు పీకేస్తున్నావు?"

అత్తగారు బస్సు ముందు నుంచి వస్తోంది. పట్టీ తడిసి సగం ఊడింది. ఆవిడ వెనక ప్రయాణికులంతా ఒక్కొక్కరే దిగి కొండవైపు నిలబడుతున్నారు. రాయి వెనక నిలబడ్డ ఆవిడకి తోచిందేమంటే, కారులోంచి తనని దించేసిన కోడలికి బస్సులో వెనక సీట్లవాళ్ల సంగతి గుర్తురాలేదని. పోయి బస్సు తలుపు బాదింది. తల్లిని ఆ కొండ మీద ఆ వానలో చూసి కొడుకు కొయ్యబారిపోతే, "ముందు జనాన్ని దించరా, తర్వాత నోరు తెరుద్దువుగాని" అంది.

ఆగమ్మ అత్తగారిని పట్టుకుని ఏడ్చేసింది. అంతవరకు ఎప్పుడూ అలా పట్టుకున్నది లేదు. "సర్లే, సర్లే, నన్ను నలిపెయ్యకు" అంది అత్తగారు. కానీ చెయ్యి మాత్రం కోడలి వీపు మీంచి తియ్యలేదు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ప్రయాణికులూ ట్యాంకర్ డ్రైవరూ కలిసి రాళ్లు పక్కకి దొర్లించారు. ఒక బండి పట్టేంత దారి తేలింది. భర్త బస్సు ఎక్కబోయాడు.

"బస్సు కదలడానికి వీల్లేదు" అంది ఆమె.

"పిల్లలున్నారు, ముసలాళ్లున్నారు. ఇక్కడ తడుస్తూ ఉండమంటావా? కిందికి దించి ఆపేస్తాను."

"బ్రేక్ లైట్లు లేకుండా ఇక్కడిదాకా వచ్చారు. ఇంకొక్క మలుపు కూడా పోనివ్వను."

"ఎవరు చెప్పారు లేవని? ఫోర్‌మన్ బాగుచేశానన్నాడు. పొద్దున్న అడిగాను."

"మీరు చూశారా?"

"స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి వెనక లైటు ఎలా కనపడుతుందే?" అతని గొంతు పెరిగింది. ప్రయాణికులు చెవులు రిక్కించారు. "అయినా ఇవాళ నువ్వు డ్యూటీలో లేవు. నన్ను ఆపడానికి నీకేం అధికారం ఉంది?"

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. అధికారం ఉందో లేదో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. "లేకపోతే లేకపోనీండి" అని వెళ్లి బస్సు ముందు నిలబడింది. కాళ్లకి చెప్పులు లేవు, అరికాలు తెగి రక్తం కారుతోంది.

ఎవరో "పోనిద్దురూ, జాగ్రత్తగా పోతాడు" అన్నారు. ఇంకెవరో "ఆ కారు చూశాక కూడానా?" అన్నారు. మాటా మాటా పెరిగేలా ఉంది. అప్పుడు అత్తగారు బస్సు వెనక్కి నడిచి అక్కణ్ణుంచి కేకేసింది.

"ఒరేయ్! ఎక్కి తొక్కు. నేను చూస్తా."

అతను ఎక్కి తొక్కాడు.

"తొక్కావా?"

"తొక్కానమ్మా."

"మళ్లీ తొక్కు."

"నాకు పనిచేసే కన్ను ఒకటే, దానికి మాత్రం ఏమీ కనపడలేదురా" అంది.

అతను దిగాడు. ట్యాంకర్ డ్రైవర్‌ని ఎక్కి తొక్కమని బతిమాలి, తనే వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అన్నేళ్లుగా నడుపుతున్నా, ఆ బస్సును అలా వెనక నుంచి, వెనకవాడి చోట నిలబడి చూడటం అతనికి అదే మొదలు. ట్యాంకర్ డ్రైవర్ లోపలి నుంచి, "తొక్కాను... వదిలాను... తొక్కాను" అని అరుస్తున్నాడు. పసుపు లైట్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఎరుపు రాలేదు. బస్సుకి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో నలిగిన కారు. అందులో తల్లి చేతిసంచి.

అతను వచ్చి తాళంచెవి తీశాడు. పెళ్లాం చేతికివ్వలేదు, తల్లి చేతికీ ఇవ్వలేదు. జేబులో వేసుకుని, మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ప్రయాణికులు సణిగారు, తిట్టారు, కొందరు కాలినడకన దిగిపోయారు. కంపెనీ వాళ్లు ఇంకో బస్సు పంపేసరికి చీకటి పడబోతోంది.

విచారణ జరిగింది. స్విచ్ మార్చలేదని, పాతదాన్నే నూనె పోసి, గీకి, ఒకసారి వెలిగేసరికి రోడ్డు మీదికి పంపారని తేలింది. ఫోర్‌మన్ ముందు తెలియదన్నాడు, తర్వాత మేనేజర్ తొందరపెట్టాడన్నాడు. ఆగమ్మ భర్తని పిలిచి, బండి తీసే ముందు లైట్లు చూసుకోవడం డ్రైవర్ బాధ్యత కాదా అని అడిగారు. ఫోర్‌మన్ మీదికి తోసెయ్యమని తోటివాళ్లు ముందే చెప్పి పంపారు. అతను మాత్రం, "అడిగాను. చూసుకోలేదు" అన్నాడు. హజార్డ్ లైట్లు ఎందుకు వేసుకున్నావంటే, "అలవాటు" అన్నాడు. కంపెనీ ఫోర్‌మన్‌ని తీసేసింది, మేనేజర్‌ని బదిలీ చేసింది. అతన్ని కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆ కొన్నాళ్లు ఇల్లు ఇల్లులా లేదు. అతను పెళ్లాంతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. ఆమె మీద కోపమో, తనమీద తనకి సిగ్గో, ఆమెకి అంతుపట్టలేదు. నిద్రలో కాలితో మంచాన్ని తన్నేవాడు, బ్రేకు తొక్కుతున్నట్టు. ఆమె లేచి కూర్చుని చూసేది. ఉద్యోగంలో కూడా ఆమెకి చిక్కే వచ్చింది. సెలవులో ఉండి రోడ్డు మీద బస్సు ఆపడం ఏమిటని పై అధికారి సంజాయిషీ అడిగాడు. "రేపయినా అలాగే ఆపుతాను సార్" అంది. ఆయన ఇంక తవ్వలేదు.

అత్తగారి కన్ను బాగుపడింది. ఎవరొచ్చినా ఆ రోజు కథ ఎత్తుకునేది. చెప్పిన కొద్దీ మంచు చిక్కబడింది, లోయ లోతయింది, ట్యాంకర్ రెండింతలైంది. ఈ మధ్య చెప్పిన కథలోనైతే ట్యాంకర్‌కి ఎదురెళ్లింది ఆవిడే. కోడలు వంటింట్లోంచి వింటూ నవ్వుకునేది. కొడుకు మాత్రం కథ మొదలవగానే లేచి బయటికి పోయేవాడు.

అతను మళ్లీ డ్యూటీలో చేరిన తర్వాత ఒక సాయంత్రం పక్కింటామె వచ్చింది. అత్తగారు మామూలుగా మొదలుపెట్టింది. అతను లేవలేదు. వింటూ కూర్చున్నాడు. తల్లి త్రికోణం చేతపట్టుకుని ట్యాంకర్‌కి అడ్డం నిలబడే చోటికి రాగానే, "అమ్మా, అక్కడ నిలబడింది నువ్వు కాదు" అన్నాడు.

"మరెవర్రా?"

అతను వంటింటి వైపు చూశాడు. "మా ఆవిడ. చెప్పుల్లేకుండా పరిగెత్తింది" అన్నాడు. "నువ్వు తప్పుకో, ఇక్కణ్ణుంచి నేను చెప్తా" అని కుర్చీ ముందుకి లాక్కున్నాడు.